అర్జీ తెచ్చిన చేతి నుంచి విరాళం తీసుకోవచ్చునా?

(పాలకొల్లులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన సభలో, రాజనీతిశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

సభాధ్యక్షులకు, పెద్దలకు, వెనక బల్లల మీద సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

రాజకీయ పార్టీలు లాబీయిస్టుల దగ్గర, అంటే ఒకరి తరఫున ప్రభుత్వం దగ్గర పైరవీ చేసేవారి దగ్గర, ఎన్నికల సొమ్ము తీసుకోవచ్చునా, కూడదా అన్నది ఈనాటి విషయం. కూడదు అని ఒక్క మాట చెప్పి నేను కూర్చోవచ్చు. మీరు చప్పట్లు కొట్టి, టీ తాగి, ఇళ్లకు వెళ్లిపోవచ్చు. కానీ కూడదు అన్న తరువాతనే అసలు చిక్కు మొదలవుతుంది. ఎవరి దగ్గర కూడదు? ఆ మనిషిని గుర్తు పట్టేదెలా? కూడదన్న సొమ్ము మరో దారిలో రాకుండా ఆపేదెవరు? ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ఈ సాయంత్రం మాట్లాడతాను.

ఇది ఢిల్లీ సంగతి, వాషింగ్టన్ సంగతి, మనకెందుకు అనుకునే వారు ఈ సభలోనే కొందరు ఉండవచ్చు. రొయ్యల చెరువులున్న వారు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తనక్కరలేదు, పాలకొల్లులో ఆ ప్రశ్న అడగడమే అనవసరం. పట్టుబడి రోజున మీ చెరువు గట్టు మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. కొనుగోలుదారు కౌంటు తీస్తాడు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో లెక్క చూస్తాడు, ఫోనులో ఎవరితోనో మాట్లాడతాడు, ‘అమెరికా రేటు తగ్గిందండీ’ అంటాడు. ఆ అమెరికా రేటు వెనక సరఫరా, గిరాకీ మాత్రమే ఉంటాయని మీరు అనుకుంటున్నారా?

2003 డిసెంబరు 31న, అమెరికా దక్షిణ తీరంలో సముద్రపు రొయ్యలు పట్టేవారు ఒక కమిటీగా ఏర్పడి, తమ ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టుకున్నారు. ఇండియాతో సహా ఆరు దేశాలు తమ మార్కెట్లో రొయ్యలను అన్యాయంగా తక్కువ ధరకు కుమ్మరిస్తున్నాయన్నది ఆ అర్జీ సారాంశం. 2005 ఫిబ్రవరిలో సుంకాలు ఖరారయ్యాయి. మన దేశపు ఎగుమతిదారుల్లో చాలామందికి సుమారు 10 శాతం పడింది. ఇందులో మరొక ముడి ఉంది, జాగ్రత్తగా వినండి. 2000లో సెనేటర్ బైర్డ్ చొరవతో, ఒక వ్యవసాయ కేటాయింపుల బిల్లులో చేర్చి, అక్కడ ఒక నిబంధన తెచ్చారు. దాని ప్రకారం, ఇలా వసూలైన సుంకం ఖజానాలో మిగలదు, అర్జీని బలపరిచిన వారికే పంపిణీ అవుతుంది. అంటే మన రొయ్య మీద వేసిన సుంకం, మన రొయ్య మీద ఫిర్యాదు చేసిన వారి జేబుకే చేరుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ అది తప్పని తేల్చింది. 2006లో అమెరికా దానిని రద్దు చేసుకుంది, కానీ 2007 అక్టోబరు దాకా వచ్చిన సరుకు మీద పాత నిబంధనే నడిచింది. లాబీయింగు బలం ఎంతటిదో తెలియడానికి మనం పుస్తకాలు తిరగేయనక్కరలేదు, ఈ డెల్టాలో చెరువు గట్టు మీద నిలబడితే చాలు.

అయితే ఇక్కడ నేను ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లాబీయింగు నేరం కాదు. ఆ మాట మళ్లీ చెబుతున్నాను, లాబీయింగు నేరం కాదు. ఆక్వా రైతుల సంఘం కరెంటు రాయితీ కోసం మంత్రిని కలవడం లాబీయింగే. రైసు మిల్లర్లు మరపట్టే చార్జీలు పెంచమని వినతిపత్రం ఇవ్వడం, శివారు ఆయకట్టు రైతులు వంతు నీటి కోసం ఇంజనీరు కార్యాలయం ముందు కూర్చోవడం, కొబ్బరి రైతులు మద్దతు ధర కోసం రాయబారం నడపడం, ఇవన్నీ లాబీయింగే. ప్రజాస్వామ్యంలో తన కష్టం ప్రభుత్వానికి చెప్పుకునే హక్కు అందరికీ ఉంది. తాను చెప్పుకోలేకపోతే చెప్పగలిగిన వాడిని కూలికి పెట్టుకునే హక్కు కూడా ఉంది. కోర్టులో వకీలును పెట్టుకోవడం లేదా?

మరి ఎక్కడ చెడుతోంది? గట్టు తగాదా తీర్చడానికి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి, ఆ తగాదాదారుల్లో ఒకడి దగ్గరే తన కూతురి పెళ్లికి చేబదులు తీసుకున్నాడనుకోండి. ఆయన ధర్మంగానే తీర్పు చెప్పవచ్చు. చెప్పాడనే అనుకుందాం. రెండోవాడు నమ్ముతాడా? ఊరు నమ్ముతుందా? చేబదులు తీసుకోవడం తప్పు కాదు, తగాదా తీర్చడమూ తప్పు కాదు, రెండూ ఒకే మనిషితో, ఒకే కాలంలో పెట్టుకోవడం తప్పు. నా వాదన మొత్తం ఇంతే. అర్జీ తెచ్చిన చేయే సొమ్ము సంచీ కూడా తేకూడదు. అర్జీ తేవచ్చు, విరాళమూ ఇవ్వవచ్చు, కానీ అర్జీ ఇంకా బల్ల మీద ఉండగా ఆ మనిషి సంచీని పార్టీ ముట్టుకోకూడదు.

అమెరికా వారు ఈ చిక్కుతో వందేళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. 1907లో టిల్‌మన్ చట్టం పేరుతో, సంస్థలు తమ ఖజానా నుంచి జాతీయ స్థాయి అభ్యర్థులకు విరాళాలు ఇవ్వడాన్ని నిషేధించారు. 1940లో, జాతీయ ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్నవారు విరాళం ఇవ్వకూడదన్నారు. ఈ రెండోదానిని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను. 1995లో లాబీయిస్టు అనేవాడు తన పేరు, తనను పెట్టుకున్న వారి పేరు, తాను దేని గురించి మాట్లాడుతున్నాడో, ఎంత పుచ్చుకుంటున్నాడో నమోదు చేయించుకోవాలని చట్టం చేశారు. ఆ రిజిస్టరు ఉన్నది కాబట్టే, 2008లో బరాక్ ఒబామా తన ప్రచారానికి నమోదైన లాబీయిస్టుల సొమ్ము వద్దని అనగలిగారు. ఆయన అభ్యర్థి కాగానే డెమొక్రాటిక్ పార్టీ జాతీయ కమిటీ కూడా అదే నియమం పెట్టుకుంది. తరువాత ఏమైంది? 2016 ఎన్నికల నాటికి ఆ కమిటీయే ఆ నియమాన్ని చప్పుడు లేకుండా సడలించుకుంది. పార్టీ తనకు తాను పెట్టుకున్న నియమం ఎంతకాలం నిలుస్తుందో చూశారా? ఖర్చు మీద పడే దాకా.

నియమం ఉన్న కాలంలోనైనా అది సందులు లేనిది కాదు. రిజిస్టరులో పేరున్న వాడు ఇవ్వకూడదు, కానీ అదే పని ‘సలహాదారు’ అన్న హోదాతో చేసేవాడు ఇవ్వవచ్చు. 2010లో వారి సుప్రీంకోర్టు, పార్టీతో సంబంధం లేకుండా స్వతంత్రంగా చేసే ప్రచారానికి సంస్థలు ఎంతైనా ఖర్చు పెట్టవచ్చునని తీర్పు చెప్పాక, పెద్ద సొమ్ము ఆ వాకిలి గుండా వెళ్లిపోయింది. కాబట్టి అమెరికాను ఆదర్శమని మీ ముందు పెట్టడం లేదు. కానీ వారి దగ్గర ఒక రిజిస్టరు ఉంది. మన దగ్గర అదీ లేదు.

మన దగ్గర లేదనడానికి ఒక తమాషా చెబుతాను. 2012 డిసెంబరులో మన పార్లమెంటు వాల్‌మార్ట్ అనే అమెరికా చిల్లర వర్తక సంస్థ పేరుతో అట్టుడికిపోయింది. ఆ సంస్థ 2008 నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు లాబీయింగుకు ఖర్చు చేసిందని, అది మాట్లాడిన అంశాల్లో ఇండియా మార్కెట్లో ప్రవేశం కూడా ఒకటని బయటపడింది. ఎలా బయటపడింది? మన అధికారులు పట్టుకున్నారా? లేదు. ఆ సంస్థ అమెరికాలో అక్కడి చట్టం ప్రకారం తానే దాఖలు చేసిన కాగితాల్లో ఉంది. మన దేశంలో ప్రవేశం కోసం ఎవరు పాటుపడుతున్నారో పరాయి దేశపు రిజిస్టరు చూసి మనం తెలుసుకున్నాం. ఒక విశ్రాంత న్యాయమూర్తితో విచారణ వేశారు, కొన్నాళ్లకు ఆ గొడవ సద్దుమణిగింది. మన రిజిస్టరు మాత్రం రాలేదు.

ఇప్పుడు పార్టీల సొమ్ము దగ్గరకు వద్దాం. 1957లో, అంటే కంపెనీల చట్టం వచ్చిన మరుసటి ఏడే, టాటా ఉక్కు సంస్థ పార్టీలకు విరాళాలు ఇచ్చేందుకు వీలు కల్పించుకునే కేసు బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా చట్ట ప్రకారం అనుమతి ఇవ్వక తప్పలేదు, కానీ ఈ ప్రమాదం పెరిగి పెరిగి చివరకు ప్రజాస్వామ్యం పీక నులిమేయవచ్చునని ఆ తీర్పులోనే హెచ్చరించారు. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించింది. నిషేధం బాగుందా? వినడానికి బాగుంది. కానీ పార్టీలకు వేరే సొమ్ము చూపకుండా పెట్టిన నిషేధం అది. చెక్కు మీద రావలసింది సూట్‌కేసులో వచ్చింది. 1985లో నిషేధం తీసి, సగటు లాభంలో 5 శాతం దాకా ఇవ్వవచ్చునన్నారు. 2013 చట్టంలో దానిని ఏడున్నర శాతం చేశారు. 2017లో ఆ పరిమితినే ఎత్తివేశారు. అంటే లాభం అనేదే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చే వీలు కలిగింది. నష్టాల్లో ఉన్న కంపెనీ విరాళం ఇస్తోందంటే అది ఎవరి సొమ్ము, ఎందుకు ఇస్తోంది అని మీలో ఏ కిరాణా కొట్టు యజమానిని అడిగినా చెబుతారు.

అదే 2017 బడ్జెట్‌లో ఎన్నికల బాండ్ల పథకం ప్రకటించారు, 2018 జనవరిలో అమలులోకి తెచ్చారు. స్టేట్ బ్యాంకులో వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల దాకా బాండు కొనవచ్చు, నచ్చిన పార్టీకి ఇవ్వవచ్చు, పార్టీ పదిహేను రోజుల్లో సొమ్ము చేసుకోవాలి. ఇచ్చిన వాడి పేరు జనానికి తెలియదు. బాండు మీద పేరే లేదు. అయితే ఒక పాత్రికేయురాలు వెయ్యి రూపాయల బాండ్లు కొని ప్రయోగశాలకు పంపితే, మామూలు వెలుగులో కనపడని ఒక సంఖ్య అతినీలలోహిత కాంతిలో కనిపించింది. అంటే ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో జత చేసే తాళంచెవి బ్యాంకు దగ్గర ఉంది. జనానికి మాత్రం లేదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టివేసింది. ఏడున్నర శాతం పరిమితి ఎత్తివేతనూ కొట్టివేసింది. కంపెనీలు ఇచ్చే విరాళం ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీయేనని, దానిని ఓటరు ఇచ్చే చందాతో సమానంగా చూడలేమని న్యాయస్థానం అంది. వివరాలు ఇవ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కోర్టు కుదరదంది. మార్చి 14న రెండు జాబితాలు వచ్చాయి. ఒకదానిలో కొన్నవారు, మరొకదానిలో పుచ్చుకున్న పార్టీలు. ఆ రెంటినీ కలిపే సంఖ్య లేదు. ఆ వారమంతా దేశంలో లెక్కలు తెలిసిన వారందరూ తేదీలూ మొత్తాలూ పట్టుకుని, ఎవరి సొమ్ము ఎవరి ఖాతాలో పడిందోనని ఊహించుకుంటూ కూర్చున్నారు. మళ్లీ కోర్టు గట్టిగా అడిగితే మార్చి 21న సంఖ్యలు వచ్చాయి.

2019 ఏప్రిల్ నుంచి లెక్కవేస్తే బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,600 కోట్ల పైన, కాంగ్రెస్‌కు 1,400 కోట్ల పైన, బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైన వచ్చాయి. మన రాష్ట్రం సంగతి అడుగుతారని తెలుసు. వైసీపీకి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 218 కోట్లు, జనసేనకు 21 కోట్లు. బాండ్లు ముట్టుకోబోమని చెప్పి, కోర్టుకు కూడా వెళ్లినది మార్క్సిస్టు పార్టీ. నేను ఆ పార్టీ వాడిని కాను, ఉన్న సంగతి చెబుతున్నాను. అందరికన్నా ఎక్కువ కొన్నది ఒక లాటరీ కంపెనీ, 1,368 కోట్లకు. లాటరీ నడవాలంటే ఎవరి అనుమతి కావాలి? ప్రభుత్వాల అనుమతి కావాలి. రెండో స్థానం, 966 కోట్లతో, హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజినీరింగ్‌ది. ఆ పేరు మీకు కొత్త కాదు. 2019లో పోలవరం ప్రధాన పనులు ఆ సంస్థ చేతికే వచ్చాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. బాండు కొనడం ఆ రోజున చట్టబద్ధమే. బాండ్ల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేయమన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తోసిపుచ్చింది. నేను అడుగుతున్నది వేరు. ప్రభుత్వ పనులు చేసే ఏ సంస్థ అయినా, ఆ ప్రభుత్వాలను నడిపే పార్టీలకు, పనులు నడుస్తున్న కాలంలోనే సొమ్ము ఇవ్వడాన్ని మన చట్టం ఎందుకు అనుమతించాలి? అమెరికా 1940లో మూసిన తలుపు మనకు ఇంకా బార్లా తెరిచి ఉంది. సంబంధం లేకపోయినా, లేదని గోదావరి ఒడ్డున ఉన్న మామూలు మనిషి నమ్మే వీలు లేకుండా పోయింది. ఆ కంపెనీకి కూడా అది నష్టమే కదా?

ఇందాక ముందు వరుస నుంచి ఒక చీటీ వచ్చింది. చదువుతాను. ‘మాస్టారూ, లాబీయిస్టు దగ్గర తీసుకోకూడదంటున్నారు, మన దగ్గర లాబీయిస్టుకే టికెట్టు ఇస్తున్నారు కదా, అప్పుడెలా?’ నవ్వకండి, ఈ సాయంత్రం వచ్చిన ప్రశ్నల్లో ఇదే గట్టిది.

నిజమే. మన జిల్లాల్లో పార్టీకి విరాళం ఇచ్చి పని చేయించుకునే రోజులు కొంత పాతబడ్డాయి. రొయ్యల ఎగుమతి, కాంట్రాక్టులు, కాలేజీలు, ఇసుక, ఏ వ్యాపారమైనా ప్రభుత్వంతో ముడిపడినది పెరిగి పెద్దదయ్యాక, దాని యజమానికి వేరే రాయబారి అవసరం ఉండదు. తానే చట్టసభలో కూర్చుంటాడు. పార్టీ కూడా అభ్యర్థిని చూసేటప్పుడు మొదట అడిగేది ‘ఖర్చు పెట్టుకోగలడా’ అనే. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆ అంకె విని మీరు నవ్వుకుంటున్నారు, నాకు కనపడుతోంది. అభ్యర్థికి పరిమితి ఉంది కానీ పార్టీ ఖర్చుకు పరిమితే లేదన్నది ఇంకా పెద్ద నవ్వు. కాబట్టి విరాళాలను మాత్రమే నిషేధిస్తే, విరాళం ఇచ్చేవాడు అభ్యర్థిగా మారతాడు. 1969 నిషేధం సూట్‌కేసును తెచ్చినట్టే, ఇది కోటీశ్వరుడి టికెట్టును తెస్తుంది, ఇప్పటికే తెచ్చింది.

అందుచేత నా సమాధానం రెండు కాళ్ల మీద నిలబడాలి. మొదటిది, ఎవరి దగ్గర కూడదో చట్టం తేల్చి చెప్పాలి. ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నవాడు, గనికో ఇసుక ర్యాంపుకో లైసెన్సు ఉన్నవాడు, ఫీజు ప్రభుత్వం నిర్ణయించే కాలేజీ యజమాని, ఒకరి తరఫున కూలి పుచ్చుకుని మంత్రుల చుట్టూ తిరిగేవాడు, వీరు ఆ పని నడుస్తున్నంత కాలం, అది ముగిసిన తరువాత కొంతకాలం, పార్టీకి గానీ అభ్యర్థికి గానీ సొమ్ము ఇవ్వకూడదు. దీనికి ముందుగా పైరవీ చేసేవారి రిజిస్టరు కావాలి. మంత్రిని ఎవరు, ఎప్పుడు, దేని గురించి కలిశారో రాసి ఉండాలి. అదే మనిషి చట్టసభ సభ్యుడైతే, తన వ్యాపారానికి సంబంధించిన బిల్లు వచ్చిన రోజున ఆ సంగతి చెప్పి, చర్చకూ ఓటుకూ దూరంగా ఉండాలి. రెండో కాలు, పార్టీలకు శుభ్రమైన సొమ్ము చూపించడం. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ, గుర్తింపు పొందిన పార్టీలకు ప్రభుత్వమే కొంత సాయం నగదుగా కాక వస్తువుల, సౌకర్యాల రూపంలో ఇవ్వాలని సిఫారసు చేసింది. దానిని నేను సమర్థిస్తాను, అయితే ఒక షరతు మీద, పార్టీ ఖర్చుకు కూడా పరిమితి పెట్టిన తరువాతనే. లేకపోతే ప్రభుత్వ సొమ్మూ తీసుకుంటారు, ఈ విరాళాల సొమ్మూ తీసుకుంటారు.

ఇప్పటి చట్టంలో ఉన్న కిటికీని కూడా మనం వాడుకోవడం లేదు. 20 వేల రూపాయలకు మించి ఇచ్చిన ప్రతి వారి పేరును పార్టీ ఏటా ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఆ పత్రం పేరు ఫారం 24ఏ. ఎన్నికల సంఘం వాటిని అందరికీ కనపడేట్టు పెడుతుంది. ఈ గదిలో ఉన్న విద్యార్థులు మన రాష్ట్రపు పార్టీల పత్రాలు తీసి, అందులో ఉన్న కంపెనీ పేర్లను టెండర్లు దక్కించుకున్న వారి పేర్లతో సరిచూడండి. ఎలక్టోరల్ ట్రస్టు, అంటే కంపెనీల విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థ, పేరు కనపడితే అక్కడ ఆగవద్దు, ఆ ట్రస్టుకు ఎవరిచ్చారో దాని నివేదికలో వేరుగా ఉంటుంది. ఏ కంపెనీ సొమ్ము ఏ పార్టీకి వెళ్లిందో మాత్రం ట్రస్టు చెప్పదు. బాండ్ల రద్దు తరువాత పెద్ద సొమ్ము ఆ దారి పట్టింది కాబట్టి, తరువాతి పోరాటం అక్కడే.

చివరిగా ఇంకొక చీటీ ఉంది. ‘మా వ్యాపారుల సంఘం ఎన్నికలప్పుడు అన్ని పార్టీలకూ ఒకే మొత్తం ఇస్తుంది. అందరికీ సమానంగా ఇస్తే లాబీయింగు కాదు కదా?’

సమానంగా ఇవ్వడం పక్షపాతం లేదనడానికి రుజువు కాదండీ. ఎవరు గెలిచినా తలుపు మూసుకుపోకుండా చూసుకోవడం అది. మీ సంఘానికి నేనిచ్చే సలహా ఒకటే. సంఘం తీర్మానాల పుస్తకంలో ఆ ఏడాది ప్రభుత్వాన్ని మీరు ఏమేమి అడిగారో ఒక పేజీలో రాయండి, ఎవరికి ఎంత ఇచ్చారో ఎదుటి పేజీలో రాయండి, ఆ రెండు పేజీలనూ సభ్యులందరి ముందు చదవండి. చదివాక ఇంకా ఇవ్వాలనిపిస్తే చెక్కు రూపంలో, సంఘం పేరు మీద, రసీదు తీసుకుని ఇవ్వండి. అలా రాయడానికి మీ కార్యదర్శి ఒప్పుకోకపోతే, ఆ సొమ్ము ఇవ్వకండి.